అణువుల ఆకృతి – బెంగళూరు శాస్త్రజ్ఞుల కృషి

రసాయన శాస్త్ర పాఠంలో ఉపాధ్యాయుడు నల్లబల్ల మీద మీథేన్ అణువును గీసే తీరు అందరికీ పరిచితమే. నడుమ ఒక కార్బన్, దానికి పైన, కింద, కుడి, ఎడమల నాలుగు హైడ్రోజన్‌లు, వాటిని కలుపుతూ నాలుగు చిన్న గీతలు. సుద్దముక్కతో అంతకు మించి గీయడం కష్టం. విద్యార్థి ఆ బొమ్మను నోటు పుస్తకంలోకి ఎత్తుకొంటాడు. పరీక్షలో అలాగే గీసి మార్కులు తెచ్చుకొంటాడు. అణువు అంటే బల్లపరుపుగా నాలుగు చేతులు చాచిన బొమ్మ అనే భావంతోనే పాఠశాల విడిచి వెళతాడు.

అసలు మీథేన్ అలా ఉండదు. దానిలో 90 డిగ్రీల కోణం ఎక్కడా లేదు. నాలుగు హైడ్రోజన్ పరమాణువులు ఒకదానికొకటి వీలైనంత ఎడంగా జరిగి ఒక చతుర్ముఖి మూలలలో నిలుస్తాయి. ఏ రెండు బంధాల మధ్యనైనా కోణం సుమారు 109.5 డిగ్రీలు. నాలుగు గాలిబుడగల మూతులు ఒకచోట కలిపి కట్టి చూస్తే, ఎవరూ సర్దకుండానే అవి ఇదే ఆకృతిలో కుదురుకొంటాయి. అమ్మోనియాలో కోణం 107 డిగ్రీలకు, నీటిలో 104.5 డిగ్రీలకు తగ్గుతుంది. బంధాలలో పాల్గొనని ఎలక్ట్రాన్ జంటలు కూడా తమకు చోటు కావాలని బంధాలను పక్కకు నెట్టడమే దీనికి కారణం. నీటి అణువు వంగి ఉండబట్టే దానికి ఒక వైపు ధనావేశం, మరొక వైపు ఋణావేశం ఏర్పడ్డాయి. అది కడ్డీ వలె నిటారుగా ఉన్నట్లయితే ఆ రెండూ పరస్పరం రద్దయి, ఉప్పును ఇంత సులభంగా కరిగించుకొనే గుణం దానికి అబ్బేది కాదు. ఒక కోణంలో ఇంత ఉన్నది.

అణువులకు పొడవు, వెడల్పులతో పాటు లోతు కూడా ఉన్నదని మొదట గట్టిగా చెప్పినవాడు డచ్చి దేశపు యువకుడు వాంట్ హాఫ్. 1874లో, ఇరవై రెండేళ్ల వయస్సులో, కార్బన్ బంధాలు చతుర్ముఖి మూలల వైపు చూస్తాయని ఆయన ప్రకటించాడు. అదే సంవత్సరం ఫ్రాన్సులో లెబెల్ కూడా స్వతంత్రంగా అదే నిర్ణయానికి వచ్చాడు. నాలుగు భిన్నమైన సమూహాలు ఒకే కార్బన్‌కు అతుక్కొన్నప్పుడు, కుడికాలి చెప్పు, ఎడమకాలి చెప్పు వలె, ఒకదానికొకటి ప్రతిబింబాలైన రెండు రూపాలు ఏర్పడతాయి. 1848లో పాశ్చర్ టార్టారిక్ ఆమ్లపు లవణ స్ఫటికాలను ఏరి రెండు కుప్పలుగా వేరు చేసినప్పటి నుంచి వేధిస్తున్న ప్రశ్నకు ఇది సమాధానం. అయినా జర్మనీలోని వృద్ధ రసాయనవేత్త కోల్బే, పశువైద్య పాఠశాలలో పనిచేసే ఒక కుర్రవాడు ఊహల గుర్రమెక్కి విహరిస్తున్నాడని బహిరంగంగానే హేళన చేశాడు. 1901లో రసాయన శాస్త్రానికి ఇచ్చిన మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆ కుర్రవాడికే దక్కింది. ఆ బహుమతి ఆయన చేసిన వేరే కృషికి లభించినదనే మాట కూడా ఇక్కడ చెప్పుకోవాలి.

ఊహ సరే, కంటికి కనిపించని అణువు ఆకృతిని రుజువు చేయడం ఎలా? ఇరవయ్యవ శతాబ్దంలో దీనికి రెండు దారులు తెరుచుకొన్నాయి. అణువులు కంపించే తీరును బట్టి వాటి రూపాన్ని గ్రహించడం ఒకటి. స్ఫటికం గుండా ఎక్స్-కిరణాలను పంపి, అవి చెదిరే తీరును బట్టి పరమాణువుల స్థానాలను లెక్కకట్టడం రెండవది. ఈ రెండు దారులూ బెంగళూరు మీదుగా సాగాయి. నగరంలో ఇప్పటికీ పెద్దలు ‘టాటా ఇన్‌స్టిట్యూట్’ అని పిలిచే భారతీయ విజ్ఞాన సంస్థ అందుకు వేదిక అయింది. జంషెడ్జీ టాటా సంకల్పంతో, మైసూరు సంస్థానం ఇచ్చిన భూమిలో 1909లో ఏర్పడిన ఆ సంస్థకు, 1933లో సర్ సి.వి. రామన్ మొదటి భారతీయ సంచాలకులుగా వచ్చారు. భౌతిక శాస్త్ర శాఖ అక్కడ మొదలైంది ఆ ఏడాదే.

రామన్ బాల్యం విశాఖపట్నంలో గడిచింది. తండ్రి చంద్రశేఖర అయ్యర్ అక్కడి ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులు. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో రామన్ కనుగొన్న ఫలితాన్ని విద్యార్థులు సాధారణంగా వెలుతురు రంగు మారడంగానే గుర్తు పెట్టుకొంటారు. అణువుల ఆకృతికీ దానికీ గల సంబంధం పాఠ్యపుస్తకాలలో అంతగా కనిపించదు. అణువు మీద పడిన కాంతి, ఆ అణువు కంపనాలకు తగినట్లు కొద్దిగా శక్తిని కోల్పోయో, పొందో బయటికి వస్తుంది. వీణ తీగ పొడవును, బిగువును చూడకుండానే దాని స్వరం విని చెప్పగలిగినట్లు, ఆ మార్పుల నుంచి అణువు ఎలా కంపిస్తున్నదో, అందుకు దాని రూపం ఎలా ఉండాలో చెప్పవచ్చు.

దీనికి గణిత రూపం ఇచ్చినవారిలో అగ్రగణ్యుడు తెలుగువాడు. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో జన్మించిన సూరి భగవంతం, హైదరాబాదు నిజాం కళాశాలలో పట్టం పుచ్చుకొని, 1928లో కలకత్తా వెళ్లి రామన్ వద్ద పరిశోధనకు చేరారు. తరువాత వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్ర శాఖను తీర్చిదిద్దారు. ఆయన ఆశ్రయించిన సాధనం సౌష్ఠవం. ఒక అణువును తిప్పినా, అద్దంలో చూపినా అది మునుపటి వలెనే కనిపించడాన్ని సౌష్ఠవం అంటారు. ఏ సౌష్ఠవం గల అణువు వర్ణపటంలో ఎన్ని గీతలు చూపాలో ముందే లెక్కించవచ్చు. ఉదాహరణకు కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకొందాం. మూడు పరమాణువులూ ఒకే సరళరేఖలో, నడుమ కార్బన్‌తో ఉన్నట్లయితే ఆ అణువుకు సౌష్ఠవ కేంద్రం ఉంటుంది. అటువంటి అణువుకు సంబంధించి రామన్ వర్ణపటంలో కనిపించే కంపనం పరారుణ వర్ణపటంలో కనిపించదు; అక్కడ కనిపించేది ఇక్కడ కనిపించదు. ప్రయోగంలో సరిగా అదే తేలింది. వంగి ఉన్న సల్ఫర్ డయాక్సైడ్‌లోనైతే అన్ని కంపనాలూ రెండు చోట్లా కనిపిస్తాయి. ఒక అణువు నిటారుగా ఉన్నదా, వంగి ఉన్నదా అన్నది గీతలు పోల్చి చూసి చెప్పగలగడం చిన్న సంగతి కాదు.

భగవంతం, గణితవేత్త టి. వెంకటరాయుడు కలిసి రచించిన సమూహ సిద్ధాంత గ్రంథం 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయం తరఫున వెలువడింది. వాల్తేరులో అచ్చయిన ఒక శాస్త్రగ్రంథం విదేశాలలో సైతం పాఠకులను సంపాదించుకొన్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసిన పిదప, 1957లో భగవంతం బెంగళూరు విజ్ఞాన సంస్థ సంచాలకులుగా వచ్చి 1962 వరకు ఆ బాధ్యతలు నిర్వహించారు. గురువు కూర్చున్న కుర్చీలోనే శిష్యుడు కూర్చున్నారు. తరువాత రక్షణ శాఖకు శాస్త్ర సలహాదారుగా ఢిల్లీలో గడిపిన కాలం వల్ల ఆయన ఎక్కువగా ప్రసిద్ధికెక్కారు గాని, అణువుల సౌష్ఠవం గురించి చేసిన కృషి అంతకంటె తక్కువది కాదు.

రెండవ దారి కథ ఇంకా రసవత్తరమైనది. దానికి నాయకుడు గోపాలసముద్రం నారాయణ రామచంద్రన్. 1922 అక్టోబరు 8న ఎర్నాకుళంలో పుట్టారు. తండ్రి అక్కడి మహారాజా కళాశాలలో గణితాచార్యులు. ఇంట్లో లెక్కలే ఆటలు. తిరుచిరాపల్లి సెయింట్ జోసెఫ్ కళాశాలలో చదువు ముగించి 1942లో బెంగళూరు సంస్థలో విద్యుత్ ఇంజనీరింగ్ శాఖలో చేరారు. ఈ విద్యార్థి ఆ శాఖలో ఉండవలసినవాడు కాడని రామన్ పట్టుబట్టి తమ భౌతిక శాస్త్ర శాఖకు మార్పించుకొన్నారని చెబుతారు.

ఆ రోజులలో రామన్‌కు వజ్రాల మీద అమితమైన మక్కువ. వజ్రంలో ప్రతి కార్బన్ పరమాణువు చుట్టూ మరి నాలుగు కార్బన్ పరమాణువులు చతుర్ముఖి మూలలలో నిలిచి ఉంటాయి. అంటే వాంట్ హాఫ్ ఊహించిన ఆకృతి అంతులేకుండా అల్లుకొనిపోతే వజ్రం అవుతుంది. 1913లో బ్రాగ్ తండ్రీకొడుకులు ఎక్స్-కిరణాలతో దీనిని నిరూపించారు. కృష్ణా తీరంలోని కొల్లూరు గనుల పేరు ప్రపంచమంతటా మోగించిన ఆ రాయి, బెంగళూరు ప్రయోగశాలలో అణునిర్మాణ పాఠశాల అయింది. వజ్రం గురించి రామన్ ప్రతిపాదించిన కొన్ని అభిప్రాయాలు తరువాత నిలవలేదు. కాని ఆ పనిలో యువ రామచంద్రన్‌కు ఎక్స్-కిరణాలు చేతివాటమయ్యాయి. 1947 నుంచి 1949 వరకు కేంబ్రిడ్జిలో పరిశోధించి, డాక్టరేటు పొంది, తిరిగి బెంగళూరుకే వచ్చారు.

1952లో మద్రాసు విశ్వవిద్యాలయ ఉపకులపతి లక్ష్మణస్వామి మొదలియార్ తమ భౌతిక శాస్త్ర శాఖకు ఆచార్యుని వెదుకుతూ రామన్‌ను సంప్రదించగా, రామన్ ఈ శిష్యుని పేరు సూచించారు. ముప్పై ఏళ్లకే రామచంద్రన్ శాఖాధిపతి అయ్యారు. ఆ సంవత్సరమే మద్రాసు వచ్చిన ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు బెర్నాల్ మాటల మధ్యలో, కొలాజన్ నిర్మాణం ఇంకా తేలలేదని ప్రస్తావించారు. రామచంద్రన్‌కు ఆ ఒక్క మాట చాలింది.

కొలాజన్ మన చర్మంలో, ఎముకలో, స్నాయువులలో ఉండే ప్రోటీన్. క్షీరదాల దేహంలోని మొత్తం ప్రోటీన్‌లలో సుమారు నాలుగో వంతు అదే. తోలు అంటే ప్రధానంగా కొలాజనే. కేంద్ర చర్మ పరిశోధన సంస్థ మద్రాసు విశ్వవిద్యాలయ ప్రయోగశాలకు పొరుగునే ఉండడం అదృష్టం. తరువాత ఆ సంస్థకు సంచాలకులై దేశమంతటా పేరు తెచ్చిన తెలుగు శాస్త్రజ్ఞుడు యలవర్తి నాయుడమ్మ అని ఇక్కడ గుర్తు చేసికోవడం సముచితం. రామచంద్రన్, ఆయన సహచరుడు గోపీనాథ్ కర్తా కంగారూ తోక స్నాయువు నుంచి, ఇతర కణజాలాల నుంచి లభించిన కొలాజన్ నారల మీద ఎక్స్-కిరణాలు ప్రసరింపజేసి ఛాయాచిత్రాలు తీశారు.

నారల చిత్రాలలో చుక్కలు కొద్దిగానే ఉంటాయి. వాటి నుంచి నేరుగా నిర్మాణాన్ని లెక్కగట్టడం అసాధ్యం. అందువల్ల గోళాలు, కడ్డీలతో నమూనాలు కట్టి, ఏ నమూనా ఆ చిత్రానికి సరిపోతుందో చూడాలి. ఒక ఆధారం రసాయనం నుంచి వచ్చింది: కొలాజన్‌లోని ఎమినో ఆమ్లాలలో మూడో వంతు గ్లైసీన్. ఎమినో ఆమ్లాలన్నింటిలో చిన్నది అదే. మిగిలినవాటికి పక్కన వేలాడే గుత్తి ఉంటే, దీనికి ఒక్క హైడ్రోజన్ మాత్రమే. మూడింట ఒకటి గ్లైసీన్ అయినప్పుడు, మూడు గొలుసులు కలిసి నడిచే నిర్మాణంలో ప్రతి మూడో స్థానం ఇరుకైన నడిమి భాగానికి వస్తుంది. అక్కడ గ్లైసీన్ తప్ప మరొకటి పట్టదు. 1954లో ‘నేచర్’ పత్రికలో వారు మూడు గొలుసుల నమూనాను ప్రకటించారు. 1955లో దానిని సవరించి, ఎడమవైపు మెలి తిరిగిన మూడు గొలుసులూ కలిసి మళ్లీ కుడివైపు మెలి తిరుగుతాయని చూపారు. దీనిని చాలామంది మూడు పాయల జడతో పోలుస్తారు. ఆ పోలిక పూర్తిగా సరికాదు. జడలో పాయలు ఒకదాని మీదుగా మరొకటి దాటుతూ అల్లుకొంటాయి; కొలాజన్‌లో గొలుసులు దాటవు, మూడు పురులు పేనిన తాడు వలె పక్కపక్కనే చుట్టుకొంటాయి. బావిలో చేద తాడును చూసినవారికి దీని బలం ఎక్కడిదో వేరే చెప్పనక్కరలేదు.

ఈ నిర్మాణంలో గ్లైసీన్ స్థానాన్ని పెద్ద ఎమినో ఆమ్లం ఆక్రమిస్తే తాడు అక్కడ ఉబ్బి బలహీనపడుతుంది. పుట్టుకతోనే ఎముకలు పెళుసుబారే వ్యాధికి ఇదొక కారణం. విటమిన్ సి చాలనప్పుడు కొలాజన్‌లోని ప్రోలీన్‌కు జరగవలసిన చిన్న మార్పు జరగక, తాడు బిగువు తగ్గి, చిగుళ్ల నుంచి రక్తం కారే స్కర్వీ వస్తుంది. ఉసిరికాయ పచ్చడిలోని గుణానికి, ఎక్స్-కిరణ చిత్రానికి మధ్య ఇటువంటి బంధుత్వం ఉన్నది.

1955లోనే పెద్ద చిక్కు వచ్చిపడింది. అప్పటికి రెండేళ్ల క్రితమే డి.ఎన్.ఏ. నిర్మాణంతో కీర్తి గడించిన ఫ్రాన్సిస్ క్రిక్, తన సహచరుడు అలెగ్జాండర్ రిచ్‌తో కలిసి కొలాజన్‌కు మరొక నమూనా ప్రకటించారు. మూడు గొలుసుల మూలభావన అదే. కాని మద్రాసు నమూనాలో ప్రతి మూడు ఎమినో ఆమ్లాలకు రెండు హైడ్రోజన్ బంధాలు ఉండగా, వారి నమూనాలో ఒక్కటే. పైగా, మద్రాసు నమూనాలో కొన్ని పరమాణువులు ఉండదగినదాని కంటె మరీ దగ్గరగా ఉన్నాయని, ఆ కారణంగా అది నిలవదని వారి విమర్శ. కేంబ్రిడ్జి నుంచి వచ్చిన విమర్శ అది. మద్రాసులో ఉన్నది కొత్తగా నెలకొల్పిన చిన్న ప్రయోగశాల. అటువంటి స్థితిలో నొచ్చుకొని మౌనంగా ఉండిపోయేవారు ఉంటారు. కోపంతో ప్రత్యుత్తరాలు వ్రాస్తూ కాలం గడిపేవారూ ఉంటారు. రామచంద్రన్ ఆ విమర్శలోని ఒక్క మాటను పట్టుకొన్నారు. ‘మరీ దగ్గర’ అంటే ఎంత దగ్గర? ఆ హద్దును ఎవరు నిర్ణయించారు?

వెదికి చూడగా, దానికి సరైన సమాధానం ఎక్కడా లేదు. అందువల్ల రామచంద్రన్, ఆయన శిష్యులు వి. శశిశేఖరన్, సి. రామకృష్ణన్, అప్పటికి స్ఫటిక నిర్మాణం తెలిసిన ఎమినో ఆమ్లాలను, చిన్న పెప్టైడ్‌లను తీసుకొని, బంధం లేని పరమాణువులు నిజంగా ఒకదానికొకటి ఎంత దగ్గరకు వస్తున్నాయో పట్టికలు వేశారు. పని విసుగు పుట్టించేదే. రెండు కార్బన్‌ల మధ్య మామూలుగా 3.2 ఆంగ్‌స్ట్రామ్‌లు, మరీ ఇరుకైతే 3.0, రెండు హైడ్రోజన్‌ల మధ్య 2.0, మరీ ఇరుకైతే 1.9. ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లవ వంతు. ఇలా ప్రతి జంటకు రెండేసి హద్దులు ఏర్పరచారు.

అంతటితో ఆగిపోయి ఉంటే అది విమర్శకు జవాబు మాత్రమే అయ్యేది. వారు మరొక అడుగు ముందుకు వేశారు. ప్రోటీన్ గొలుసును పోస్టుకార్డుల దండతో పోల్చవచ్చు. ఎమినో ఆమ్లాలను కలిపే పెప్టైడ్ బంధం దగ్గర పరమాణువులు ఒకే తలంలో ఉంటాయి, అది కార్డు. ఒక కార్డు మూలకు మరొక కార్డు మూలను దారంతో కట్టినట్లు, ఆ తలాలు ఆల్ఫా కార్బన్ అనే పరమాణువు దగ్గర కలుస్తాయి. అక్కడ కార్డులు రెండు విధాలుగా తిరగగలవు. ఆ రెండు తిరుగుళ్ల కోణాలకు ఫై, సై అని గ్రీకు అక్షరాల పేర్లు. ప్రోటీన్ ఎంత పెద్దదైనా, దానిలో వందలకొలది ఎమినో ఆమ్లాలున్నా, ప్రతి కీలు దగ్గర ఈ రెండు కోణాలు తెలిస్తే గొలుసు మొత్తం ఎలా ముడుచుకొన్నదో తెలిసినట్లే.

ఇక లెక్క మొదలైంది. ఒక కోణాన్ని అడ్డంగా, మరొక కోణాన్ని నిలువుగా పెట్టి 360 డిగ్రీల చదరం గీశారు. దానిలో ఒక్కొక్క బిందువు దగ్గర పరమాణువుల మధ్య దూరాలన్నీ లెక్కగట్టి, ఏ జంట అయినా హద్దు మీరి దగ్గరకు వస్తే ఆ బిందువును నిషిద్ధమని కొట్టివేశారు. వారికి కంప్యూటరు లేదు. బల్ల మీద పెట్టుకొనే లెక్కల యంత్రాలతోనే పని సాగింది. అంతా అయ్యాక చూస్తే చదరంలో ముప్పాతిక భాగానికి మించి నిషిద్ధమని తేలింది. అనుమతించబడిన చోట్లు సముద్రంలో దీవుల వలె రెండు మూడు మాత్రమే మిగిలాయి. 1951లో అమెరికాలో పౌలింగ్ కనుగొన్న ఆల్ఫా సర్పిలం ఒక దీవిలో ఉన్నది. బీటా పొర మరొక దీవిలో. కొలాజన్ దాని దాపునే. కొలాజన్ ఒక్కదాని కోసం బయలుదేరిన వెదుకులాట ప్రోటీన్‌లన్నింటికీ వర్తించే పటంగా పరిణమించింది. 1963లో ఇది ‘జర్నల్ ఆఫ్ మాలెక్యులర్ బయాలజీ’లో వెలువడింది. ప్రపంచమంతా దీనిని రామచంద్రన్ పటం అంటున్నది. వ్యాసం మీద ఉన్న రామకృష్ణన్, శశిశేఖరన్‌ల పేర్లు వాడుకలో జారిపోయాయి. పట్టికలు వేసిన చేతులకు ఆ మాత్రం గుర్తింపు దక్కకపోవడం శాస్త్ర చరిత్రలో కొత్త కాదు గాని, న్యాయమూ కాదు.

మద్రాసులో పరిస్థితులు మారడంతో రామచంద్రన్ 1970లో ఆ విశ్వవిద్యాలయాన్ని విడిచారు. అప్పటి సంచాలకులు సతీష్ ధావన్ ప్రోత్సాహంతో 1971లో బెంగళూరు విజ్ఞాన సంస్థలో అణు జీవభౌతిక విభాగం ప్రారంభమైంది. శశిశేఖరన్, రామకృష్ణన్‌లు కూడా అక్కడికే వచ్చారు. ఆ సంవత్సరమే రామచంద్రన్, ఎ.వి. లక్ష్మీనారాయణన్ కలిసి మరొక త్రిమితీయ సమస్యను పరిష్కరించారు. ఒక వస్తువును అనేక దిక్కుల నుంచి తీసిన ఎక్స్-కిరణ చిత్రాల సాయంతో దాని లోపలి రూపాన్ని తిరిగి కట్టడానికి సులభమైన గణిత పద్ధతిని అందించారు. ఆస్పత్రులలో సీటీ స్కాన్ యంత్రాలు చిత్రాన్ని కూర్చడంలో ఈ పద్ధతి ఎంతగానో ఉపకరించింది. ఆ యంత్రానికి 1979లో ఇచ్చిన నోబెల్ బహుమతి మాత్రం హౌన్స్‌ఫీల్డ్, కార్మాక్‌లకు చెందింది. కొలాజన్‌కు గాని, పటానికి గాని రామచంద్రన్‌కు నోబెల్ రాలేదు. 1977లో లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వం, 1999లో అంతర్జాతీయ స్ఫటిక శాస్త్ర సమాఖ్య ఎవాల్డ్ బహుమతి లభించాయి. 2001 ఏప్రిల్ 7న చెన్నైలో ఆయన కన్నుమూశారు.

కొలాజన్ తగవులో చివరికి ఎవరిది పైచేయి? 1994లో అమెరికాలో ఒక కొలాజన్ వంటి పెప్టైడ్ స్ఫటిక నిర్మాణాన్ని స్పష్టంగా చూడగలిగారు. మూడు గొలుసుల పేనిన తాడు నిజం. ఆ మూలభావనను ముందుగా ప్రకటించిన ఘనత మద్రాసుదే. మూడు ఎమినో ఆమ్లాలకు నేరుగా ఉన్న హైడ్రోజన్ బంధం మాత్రం ఒక్కటే. అక్కడ క్రిక్, రిచ్‌లు చెప్పినదే సరైనది. రెండవ బంధం ఉండవలసిన చోట నీటి అణువులు వంతెనలు కట్టి ఉన్నాయి. నీటి ద్వారా అటువంటి కలయిక ఉండవచ్చునని 1968 నాటికే రామచంద్రన్ తమ నమూనాను స్వయంగా సవరించుకొన్నారు.

పటం మాత్రం తగవులకు అతీతంగా నిలిచింది. ప్రోటీన్ నిర్మాణాలను భద్రపరచే అంతర్జాతీయ భాండాగారం కూడా 1971లోనే, ఏడు నిర్మాణాలతో ఆరంభమైంది. 2023 నాటికి వాటి సంఖ్య రెండు లక్షలు దాటింది. అందులో చేరే ప్రతి ప్రోటీన్ నిర్మాణాన్నీ ఆ పటంతో సరిచూస్తారు. ఎక్కువ బిందువులు నిషిద్ధ ప్రాంతంలో పడితే లెక్కలో ఎక్కడో పొరపాటు జరిగిందని అనుమానించాలి. ఎమినో ఆమ్లాల వరుసను బట్టి ప్రోటీన్ ఆకృతిని ఊహించి చెప్పే కంప్యూటరు పద్ధతికి 2024లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. అటువంటి పద్ధతులు చూపిన ఆకృతులను కూడా ఈ పటంతో పోల్చి చూడడం పరిపాటి.

బెంగళూరు విభాగంలో తొలినాళ్లలోనే చేరినవారిలో ఎం. విజయన్ ఒకరు. ఆక్స్‌ఫర్డ్‌లో డొరొతీ హాడ్జ్‌కిన్ బృందంలో ఉండి, 1969లో ఇన్సులిన్ నిర్మాణం తేలినప్పుడు ఆ కృషిలో పాలుపంచుకొన్నవారు. హాడ్జ్‌కిన్ ఇన్సులిన్ స్ఫటికాన్ని మొదట ఎక్స్-కిరణాల ముందు పెట్టింది 1930వ దశకంలో. ఫలితం చేతికి వచ్చేసరికి ముప్పై ఏళ్లు దాటాయి. ఆ ఓర్పు విజయన్ బెంగళూరుకు తెచ్చిన సామగ్రిలో ముఖ్యమైనది.

ఆయన, జీవరసాయనవేత్త అవధేశ్ సురోలియా కలిసి ఎంచుకొన్న వస్తువులలో ఒకటి మన రాయలసీమ రైతుకు చిరపరిచితమైన వేరుశనగ. ఆ గింజలో లెక్టిన్ అనే ప్రోటీన్ ఉన్నది. అది చక్కెరలను గుర్తుపట్టి పట్టుకొంటుంది. అయితే అన్నింటినీ కాదు. గ్లూకోజ్, గాలక్టోజ్ అణువులలో ఉన్న పరమాణువులు ఒకటే, సంఖ్య ఒకటే, కూర్పు వరుస కూడా ఒకటే. ఒక్క కార్బన్ దగ్గర హైడ్రాక్సిల్ సమూహం ఒకదానిలో ఒక వైపుకు, మరొకదానిలో ఎదుటి వైపుకు తిరిగి ఉంటుంది. నల్లబల్ల మీద గీసినప్పుడు అది ఒక గీత దిక్కు మారడమే. వేరుశనగ లెక్టిన్ మాత్రం గాలక్టోజ్‌ను పట్టుకొంటుంది, గ్లూకోజ్‌ను విడిచిపెడుతుంది. కొన్ని క్యాన్సర్ కణాల ఉపరితలం మీద బయటపడే గాలక్టోజ్ గల గుర్తును కూడా అది పట్టుకోగలగడంతో వైద్య పరిశోధకులకు దాని మీద ఆసక్తి పెరిగింది.

ఆ లెక్టిన్ స్ఫటికాలు సిద్ధమైన సంగతిని బెంగళూరు బృందం 1982లో ప్రకటించింది. పూర్తి నిర్మాణం అచ్చయినది 1994లో. నడుమ పన్నెండేళ్లు. అణువులో నాలుగు ఒకే రకపు ఉపభాగాలు ఉన్నాయి. ఒకే రకపు భాగాలు నాలుగు కలిసినప్పుడు అవి ఏదో ఒక పూర్తి సౌష్ఠవంలో అమరుతాయన్నది అప్పటి వరకు అందరి అనుభవం. వేరుశనగ లెక్టిన్‌లో ఆ సౌష్ఠవం కనిపించలేదు. నాలుగు భాగాలూ ఒక పక్క విచ్చుకొన్నట్లు, అంతకు ముందు ఎరుగని తీరులో కూర్చొని ఉన్నాయి. ఇటువంటి ఫలితం వచ్చినప్పుడు ముందుగా అనుమానించవలసినది సొంత లెక్కనే. అన్ని పరీక్షలకూ నిలిచిన తరువాత, ఆ అసాధారణ అమరికనే వ్యాసానికి శీర్షికలో చేర్చి వారు అమెరికా విజ్ఞాన అకాడమీ పత్రికకు పంపారు.